జ్వరం దిగిన పూట

జ్వరం దిగిపోయింది, జ్వరం దిగిపోయింది అని పొద్దున్నుంచీ అందరిదీ అదే మాట. గుమ్మంలో అమ్మ, అరుగు మీద ఇరుగుపొరుగు, చివరికి ఈ జీపు నడిపే తాతారావు కూడా, "దిగిపోనాది కదమ్మా, మరింక బయమేటి?" అని అద్దంలోంచి చూసి నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే స్వర్ణకి ఎదురుగా ఉన్న డాష్‌బోర్డుకి తల బాదుకోవాలనిపించింది. జీపు కదలడం లేదు. సాలూరు దిగే ఘాటీలో ఇనుపచువ్వల ట్రైలరు ఒకటి మలుపు తిరగలేక, ముక్కు కొండకీ తోక లోయకీ పెట్టి రోడ్డుకి అడ్డంగా బిగుసుకుపోయింది. దాని వెనక లారీలు, జయపురం బస్సు, పెళ్ళివారి వ్యాను, వాటి వెనక తమ జీపు. క్రేను వస్తోందన్నారు. ఎక్కణ్ణించి వస్తోంది, ఎవరు పిలిచారు, అసలు ఎవరైనా పిలిచారా అని అడిగితే ఎవరికి వారు పక్కవాడికేసి చెయ్యి చూపిస్తున్నారు. వెనక సీట్లో అన్నయ్య ఫల్గుణ, వదిన నీలవేణి భుజానికి తల ఆన్చి కళ్ళు మూసుకున్నాడు. చూసేవాళ్ళకి అది తేరుకున్న మనిషి కునుకులాగే ఉంటుంది. ఒంటి మీద చెయ్యి వేస్తే చల్లగా, హాయిగా, ఇన్ని రోజులు కాలిన పెనం చల్లారినట్టు. ఆ చల్లదనమే స్వర్ణని భయపెడుతోంది, ఆ భయాన్ని ఈ జీపులో, ఈ ఘాటీలో, ఈ కొండల్లో ఒక్కరికి కూడా అంటించలేకపోతోంది.

నిన్న ఒళ్ళు పెటపెటలాడుతుంటే ఊరంతా కదిలింది, తడిగుడ్డలు, పసుపు నీళ్ళు, కొండదేవతకి మొక్కు. ఎవరో బొప్పాయి ఆకుల రసం తెచ్చారు, ఎవరో ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయని అడిగారు, టీవీలో విన్న మాట కదా, ప్లేట్‌లెట్లు తప్ప ఇంకేమీ లేనట్టు. ఊరి కింద ఉన్న చిన్న ఆస్పత్రిలో కిట్టు పెట్టి చూసి డెంగీ అన్నారు, మాత్రలిచ్చారు, నీళ్ళు తాగుతూ ఉండమన్నారు, కడుపునొప్పి గానీ వాంతులు గానీ మొదలైతే వెంటనే సాలూరు వెళ్ళిపొమ్మన్నారు. ఆ చివరి మాట ఎవరి చెవినీ పడలేదు. ఇవాళ జ్వరం దిగేసరికి అమ్మ కోడిని కోయించింది. అన్నయ్య రెండు ముద్దలు తిని కక్కేసుకుని, కడుపులో పట్టేసిందని కుడిపక్క డొక్క కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. కోడి అరగలేదని అమ్మ, గ్యాసని అన్నయ్య. స్వర్ణ ఒక్కతే పిచ్చిదానిలా అరిచింది, జీపు తెమ్మని అరిచింది, చదువుకున్న పిల్లకి ఇంత గాభరా ఏమిటని పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంది. చదువుకున్నందుకే గాభరా. చదువుకోకపోతే తను కూడా ఆ కోడికూర తిని, అన్నయ్య లేచాడని సంతోషించి, మధ్యాహ్నం ఆటోలో అరకు పోయి రైలెక్కేసేది.

విశాఖలో ఆమె పని అదే, డెంగీ వచ్చినవాళ్ళ నెత్తురులో తెల్లకణాలు ఏం చేస్తాయో చూడడం. నెత్తురు ఆమె దగ్గరికి మూత బిగించిన గాజుగొట్టాల్లో వస్తుంది, మనిషి రాడు. దాంట్లోంచి కణాలు వేరుచేసి, రంగులంటించి, లేజరు ముందు ఒక్కొక్కటీ పరిగెత్తిస్తే కంప్యూటరు తెర మీద చుక్కలు పడతాయి, ఆకుపచ్చగా, ఎర్రగా, పసుపు పూల వలిసె చేను మీద వాన జల్లు పడినట్టు. ఏ చుక్క కోపంగా ఉందో, ఏది నిద్రపోతోందో, ఏది పాత శత్రువుని గుర్తుపెట్టుకుందో ఆమె చెప్పగలదు. "నెత్తురికి బొమ్మలేసే ఉజ్జోగం" అంటాడు అన్నయ్య. ఎవరైనా అడిగితే అలాగే చెబుతాడు, గొప్పగానే చెబుతాడు, సిల్వర్ ఓక్ చెట్ల మీద మిరియాలు కోస్తూ కొమ్మల్లోంచి కిందకి కేకేసి మరీ. ఆ చెట్లు తాడు లేకుండా ఎక్కే మనిషి ఇందాక జీపు మెట్టు ఎక్కలేకపోయాడు. ఎక్కలేకపోతూ "మోకాళ్ళు తిమ్మిరెక్కినాయి" అని అబద్ధం చెప్పాడు. మొండిమనిషి. ఒకసారి గొడ్డలి తగిలి కాలికి కుట్లు వేస్తే, ఆస్పత్రి ఉప్మా నోట పెట్టలేనని, ఆ కట్టుతోనే సంత జీపు పట్టుకుని ఇంటికొచ్చేసిన మనిషి. నవ్వొచ్చేది ఆ సంగతి తలుచుకుంటే. ఇప్పుడు రావడం లేదు. ఎందుకీ మొండితనం, ఎవరి మీద, ఒక్కసారి, ఒక్క పూట చెప్పిన మాట వింటే ఏం పోతుంది?

"అన్నియ్యా, ఆ నీళ్ళు తాగు."

"తాగినాను."

"ఎక్కడ తాగినావు? సీసా అలాగే ఉంది."

"కడుపులో సోటు నేదే. ఇడిసిపెట్టు. జొరం పోనాది, ఇంటికెల్లిపోదుం, ఆ తాతారావుకి సెప్పు బండి తిప్పమని." కళ్ళు తెరవకుండానే అన్నాడు ఫల్గుణ. మాటకీ మాటకీ మధ్య ఆగాడు. మాట్లాడడానికి కూడా వాడు ఎక్కడో నూతిలోంచి తోడుకుంటున్నాడని ఆమెకి తెలిసింది.

సీట్లోంచి వెనక్కి తిరిగి వాడి చూపుడువేలు తీసుకుని గోరు మీద నొక్కి వదిలింది. తెల్లబడిన గోరు మళ్ళీ ఎర్రబడాలి, వదిలీ వదలగానే ఎర్రబడాలి. మెల్లగా వచ్చింది రంగు, తీరిగ్గా, ఎవరో పిలిస్తే ఇష్టం లేకుండా లేచి వచ్చినట్టు. మళ్ళీ నొక్కింది. తనవల్లే పొరపాటేమో, గోళ్ళకి కాఫీ పళ్ళ మరకలున్నాయి, సరిగ్గా కనపడలేదేమో. మణికట్టు పట్టుకుంది. నాడి దారంలా సన్నగా, గబగబా. సన్నగా గబగబా అనే మాటలు ఎన్నిసార్లు రాసింది ఆమె, పుస్తకాల్లో చదివి, వేరేవాళ్ళు రాసింది చూసి. ఇంగ్లీషులో ఆ మాటలు ఎంత శుభ్రంగా ఉండేవి! వేలికింద ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు, చీమ నడిచినట్టు.

బయట పెళ్ళివారి వ్యానువాడు హారను కొట్టడం మొదలుపెట్టాడు, ట్రైలరు దానంతట అది సిగ్గుపడి తప్పుకుంటుందన్నట్టు. వాణ్ణి చూసి ముందున్న లారీవాడు, వాణ్ణి చూసి బస్సువాడు. కొండకి కొట్టుకుని ఆ మోత తిరిగొస్తోంది. ఫోను పైకెత్తి పట్టుకుంది స్వర్ణ, సిగ్నలు గీత ఒకటి వచ్చి పోయింది, ఒంటిపూట బడి పిల్లలా. నూటెనిమిదికి ఎన్నిసార్లు కొట్టినా మోగకుండానే తెగిపోతోంది. ఇలాంటి చోటే పుట్టాను, ఇలాంటి చోటే ఉన్నారు నావాళ్ళంతా, నేను మాత్రం ఏసీ గదిలో మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజరు ముందు కూర్చుని ఎవరివో కణాల్ని పదిలంగా దాచుతున్నాను. ఎవరివో ఏమిటి, వాళ్ళలో కొందరు బతకలేదు కదా. గొట్టం మీద అంటించిన నంబరుకి అది తెలీదు. ఆ కణాలు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి, చలికి ముడుచుకుని, కరిగిస్తే ఇప్పటికీ పోట్లాడతాయి.

"అప్పుడూ ఇలగే వొచ్చింది గానీ, ఇంత అవనేదు," అంది నీలవేణి, తనలో తను అనుకుంటున్నట్టు.

స్వర్ణ తల తిప్పింది. "ఎప్పుడు?"

వదిన మొగుడికేసి చూసింది. వాడు కళ్ళు మూసుకునే ఉన్నాడు. "నీ కాడికి వైజాగు వొచ్చినాడు కాదేటి, ఆ యేడు వానల్లోన, పసుపు మూట అట్టుకుని. తిరిగొచ్చినాక వారం జొరం. కల్లు గుడ్డులు నొప్పి, ఎముకలు నొప్పి, ఒంటి నిండా ఎర్ర దద్దురు. నీకు పరీచ్చలని సెప్పొద్దన్నాడు. తగ్గిపోనాది మరి, ఏటని సెప్తాం?"

వానలు. మేడమీద గది. లోపల ఇద్దరికి చోటు చాలక అన్నయ్య డాబా మీద రేకుల చూరు కింద పడుకున్నాడు, నీళ్ళ డ్రమ్ముల పక్కన, పగలంతా అక్కడే చాప మీద కునుకు తీశాడు, పట్నం దోమలు ఊరి దోమల్లా పాడవు, చప్పుడు చెయ్యకుండా కుడతాయి అని పొద్దున్నే మోచేతులు గోక్కుంటూ చెప్పాడు. నవ్వింది తను. కళ్ళ వెనక నొప్పి, ఎముకల నొప్పి, దద్దురు. ఎవరు చెప్పాలి ఇంకా, ఏ కిట్టు చెప్పాలి? అయితే ఇది మొదటిసారి కాదు. అయితే ఇది రెండోది. రెండోసారి. తన పనంతా ఆ రెండోసారి మీదే.

డెంగీ ఒకటి కాదు, నాలుగు, ఒక్క పోలికతో పుట్టిన అన్నదమ్ముల్లాంటివి. మొదటిసారి వచ్చినదాన్ని ఒళ్ళు ఎలాగో తరిమేస్తుంది, దాని మొహం గుర్తుపెట్టుకుంటుంది. తర్వాతెప్పుడో దాని తమ్ముడొస్తాడు. పాత యాంటీబాడీలు ఆ మొహం చూసి వీడే కదా అనుకుని పట్టుకుంటాయి, పట్టు చాలదు, చంపలేవు, వదలవు. ఆ పట్టుతోనే వాణ్ణి తెల్లకణాల దగ్గరికి లాక్కుపోతాయి. మింగి చంపవలసిన ఆ కణాలు మింగుతాయి, చంపలేవు, వాటి పొట్టలోనే వాడు పిల్లలు పెడతాడు. అప్పుడు టీ కణాలు లేస్తాయి, పాత యుద్ధం గుర్తున్నవి, కొత్తవాటికంటే ముందే పరిగెత్తుకొచ్చేవి. అవీ పాత మొహాన్నే వెతుక్కుంటాయి. సరిగ్గా పట్టు దొరక్క, దొరక్కపోయే కొద్దీ కేకలు, సైటోకైన్లని పేరు ఆ కేకలకి, ఒకటి అరిస్తే పది, పది అరిస్తే వెయ్యి, అచ్చం ఈ హారనుల్లాగే, రోడ్డు తెరవడానికి దేనికీ పనికిరాని మోత. ఆ మోతకి రక్తనాళాల గోడలు సడలుతాయి. నెత్తురులో నీరు కారిపోతుంది, పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ. నాళాల్లో మిగిలిన నెత్తురు చిక్కబడుతుంది, గుండె ఖాళీ గొట్టాన్ని పిండుకుంటూ ఉంటుంది. ఇదంతా జరిగేది జ్వరం ఉన్నప్పుడు కాదు. జ్వరం దిగాక. వైరసు తగ్గిపోయాక. అందరూ కోడిని కోసుకున్నాక. అందరికీ కాదు, వందమందిలో ఏ ఒకరిద్దరికో. ఎందుకు వాళ్ళకే? ఆ ప్రశ్న రాసిన పోస్టరు ముందు నిలబడి పెద్దపెద్దవాళ్ళకి చెప్పింది, తలలూపారు, చప్పట్లు కొట్టారు. ఎందుకు వాళ్ళకే? తెలీదు. ఇన్నేళ్ళయింది, తెలీదు. నీరు కారడం ఎలా ఆపాలి? తెలీదు. కారినంత నీరు మళ్ళీ నాళంలోకి ఎక్కించాలి, కొలిచి, ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా, అది ఆగేదాకా. ఇంతే. ఇంత చదువూ తిరిగి తిరిగి ఒక సెలైను సీసా దగ్గర ఆగుతుంది, ఆ సీసా ట్రైలరుకి అవతల ఉంది.

ఫోను మోగింది. గీత ఒకటి నిలబడింది కాబోలు. నూటెనిమిది అనుకుని ఆత్రంగా తీస్తే ల్యాబులో జూనియరు సాయిదుర్గ, "అక్కా, డిస్టర్బ్ చేశానా? మంగళవారం శాంపిళ్ళకి వాడిన ఆ రంగు సీసా ఎక్కడ పెట్టావు, కనపడ్డం లేదు..."

రంగు సీసా! స్వర్ణకి గొంతులోకి అరుపు వచ్చింది. ఫోనుని లోయలోకి గిరాటేద్దామన్నంత కోపం, ఆ అమ్మాయి మీద కాదు, ఆ చల్లని గది మీద, అక్కడ అంత స్పష్టంగా పలికే ఆ సిగ్నలు మీద. అరుపు నోటి దాకా వచ్చి ఆగింది. సిగ్నలు అక్కడుంది.

"దుర్గా, పెట్టెయ్యకు. విను. నువ్వు అక్కణ్ణించి నూటెనిమిదికి చెయ్యి. సాలూరు ఘాటీ, ట్రైలరు అడ్డం పడిన మలుపు. అంబులెన్సు కింది నుంచి వచ్చి ట్రైలరుకి అవతల ఆగాలి. డెంగీ, రెండోసారి, జ్వరం దిగింది, చేతులు చల్లబడ్డాయి, నాడి సరిగ్గా అందడం లేదు. షాక్ అని చెప్పు. మా అన్నయ్య అని..." అక్కడ తెగిపోయింది. ఎంత విందో, ఎక్కడిదాకా విందో తెలీదు. మళ్ళీ కొడితే మోగలేదు. రంగు సీసా ఫ్రిజ్జు తలుపులో ఉందని చెప్పలేదు, అది గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసింది, ఇలాంటప్పుడు కూడా బుర్రలో అదే తిరుగుతుందా?

జీపు దిగి వెనక తలుపు తీసింది. "దించండి అన్నియ్యని. అవతలికి మోసుకుపోదాం."

"మొయ్యడమేటి?" కళ్ళు తెరిచాడు ఫల్గుణ. "నడుత్తాను."

"నడవకూడదు."

"నానేటి సచ్చిపోతన్నానా?"

అప్పటిదాకా పుస్తకాల మాటలన్నీ చెప్పి చెప్పి చూసింది ఆమె, యాంటీబాడీలు, కణాలు, ప్లాస్మా. ఒక్కటీ వాడికి అంటలేదు, తలూపాడు, సరేనన్నాడు, బండి తిప్పమన్నాడు. ఇప్పుడు ఆ మాటలన్నీ ఎటో పోయాయి. ఇంట్లో మాట నోట్లోకి వచ్చింది. "అవును," అంది, "సచ్చిపోతన్నావు. పైకి సల్లగుంటే బాగుందనుకుంటన్నావు. కొత్త కుండకి సెమ్మ పట్టినట్టు నీ నెత్తురులో నీరు కారిపోతంది అన్నియ్యా, కుండ పైకి సల్లగే ఉంటాది, లోపల ఖాళీ అయిపోతాది. నాకు ఇది తప్ప ఇంకేటీ రాదు. ఇదొక్కటే సదువుకున్నాను. ఇది కూడా నువ్వు ఇనకపోతే మరి నానెందుకు?"

వాడు ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు, అంత దూరం నుంచి చూడడానికి అంత సేపు పట్టినట్టు. "ఏడవకే," అన్నాడు. "అలగైతే మొయ్యండి."

రోడ్డు పక్క సీతాఫలాలు అమ్మే ఆవిడ తను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చింది. అన్నయ్యని అందులో కూర్చోబెట్టి లేపారు, తాతారావు కుర్చీకి ఒక కాలు, జయపురం బస్సు కండక్టరు ఒక కాలు, పెళ్ళివారి వ్యానులోంచి సిల్కు చొక్కాల వాళ్ళిద్దరు చేతులు. ట్రైలరు ముక్కుకీ కొండకీ మధ్య మనిషి పట్టేంత సందు, కింద గెడ్డ, కొండ మీంచి దిగే సన్నటి వాగు, నాచు పట్టిన రాయి. "మెల్లగా, బాబూ, మెల్లగా" అని తాతారావు. వాడి నవ్వు ఎక్కడికో పోయింది, బరువు మోస్తే గానీ తెలీలేదు కాబోలు. సందులో కుర్చీ ఇరుక్కుంది. ఎత్తారు. ఇనుపచువ్వలు నీలవేణి జాకెట్టు భుజం మీద చింపాయి, ఆమె చూసుకోలేదు. స్వర్ణ వెనకాల నడిచింది, చేతిలో తాగని నీళ్ళ సీసా, ఎవరి మీదో తెలియని కోపంతో పళ్ళు బిగబట్టి. అవతల రోడ్డు ఖాళీగా ఉంది. ఎండ ఉంది. అంబులెన్సు లేదు. రాలేదు. దుర్గ వినలేదు. కుర్చీ దించారు, వాడి తల ఒక పక్కకి ఒరిగింది, నీలవేణి రెండు చేతుల్తో పట్టుకుంది. స్వర్ణ ఆ ఖాళీ వంపుకేసి చూస్తూ నిలబడింది, చూడడం తప్ప చెయ్యడానికేమీ లేదు. జీవితమంతా చూడడమే చేసింది తను, తెర మీద చూసింది, ఇప్పుడు రోడ్డుకేసి చూస్తోంది. అప్పుడు కింద ఎక్కడో, రెండు వంపుల కింద, సైరను.

అంబులెన్సులో వచ్చిన అమ్మాయి ఉమామహేశ్వరి, మోచేతి దగ్గర సూది పెట్టబోతే నరం దొరకలేదు, మళ్ళీ పెడితే జారిపోయింది. నాళాలు ముడుచుకుపోయాయి, అందుకే, స్వర్ణకి తెలుసు ఎందుకో. ఎందుకో తెలుసు, ఎలాగో తెలీదు. బతికున్న మనిషికి ఒక్కసారి కూడా సూది గుచ్చలేదు ఆమె. ఇంకో చేతికి పెట్టిన సూది నిలిచింది. సెలైను దిగడం మొదలైంది, చుక్క చుక్క కాదు, ధారగా. సాలూరులో డాక్టరు రిపోర్టు చూసి నెత్తురు బాగా చిక్కబడిపోయిందన్నాడు, ఇంకో సీసా పెట్టించాడు, మెల్లగా తగ్గిస్తూ వెళ్ళాలి, రేపంతా కనిపెట్టుకుని ఉండాలి, కారినదంతా నాళాల్లోకి తిరిగొచ్చేటప్పుడు ఊపిరికి అడ్డం పడకూడదు అన్నాడు. అన్నీ ఆమెకి తెలిసిన మాటలే. తెలిసిన మాటలే ఇంకొకరి నోటి నుంచి వింటే కాస్త ఊపిరాడింది, కాస్తే. వార్డులో స్టూలు మీద కూర్చుని వాడి గోరు నొక్కుతూ వదులుతూ ఉంది. రంగు త్వరగా వస్తోందా, వస్తోందని తను అనుకుంటోందా? నాడి నిండుగా ఉందా, తన వేలికొసలో తన నాడే కొట్టుకుంటోందా? నమ్మకం కుదరలేదు. కిటికీలో ఎండ పచ్చబడింది. ఒళ్ళు చచ్చినంత అలసట, అయినా కోపం పోలేదు, దానికి పట్టుకోవడానికి మొహం ఏదీ దొరకడం లేదు, ట్రైలరుదా, సిగ్నలుదా, కోడిదా, తన చదువుదా?

"స్వర్ణీ, బయటికి పో," అన్నాడు ఫల్గుణ.

ఉలిక్కిపడింది. "ఏటయింది? నొప్పా? ఆయాసమా?"

"ఎల్లవే తల్లీ. ఒంటికొస్తంది. నువ్వు కూకుని సూత్తుంటే ఎలగ?"

ఆమె గబుక్కున లేచి ఆకుపచ్చ తెర ఇవతలికి వచ్చేసింది. తెర వెనక మంచం కిర్రుమంది, వదిన ఏదో గొణిగింది, ప్లాస్టిక్ సీసా మూత. ఏమీ వినపడలేదు. ఇంకా ఏమీ లేదు. తర్వాత నాలుగు చుక్కలు. ఆగింది. తర్వాత ధార. నెత్తురు చాలనప్పుడు ఒళ్ళు ముందుగా పస్తు పెట్టేది మూత్రపిండాల్నే. వాటికి చేరింది. గుండె కొట్టిన నీరు అంతదాకా వెళ్ళింది, నాళాల గోడలు దాటి కారిపోకుండా, దారి తప్పకుండా వెళ్ళింది. ఆ చప్పుడు వింటూ ఆమె గోడకి జారగిలబడి నేల మీద కూర్చుండిపోయింది. అటుగా పోతున్న నర్సు ఆగి చూసింది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియక వెళ్ళిపోయింది.

నీలవేణి తెర తప్పించుకుని బయటికి వచ్చింది. చిరిగిన భుజం మీద కొంగు కప్పుకుని, సీసాని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. "సాలేటి, స్వర్ణమ్మా?"

"సాల్దు," అంది స్వర్ణ, ముక్కు తుడుచుకుంటూ. "ఇంకా పొయ్యాలి. రేపంతా ఇలగే పోస్తూ ఉండాల."

"రేపంతా పొయ్యడానికి," తెర వెనక నుంచి ఫల్గుణ విసుక్కున్నాడు, "నానేటి కొండ గెడ్డననుకున్నావేటే?"